ఈ తోట ఎవరిది?

మా విజయవాడలో క్యాంపు అన్న మాటకి చాలా అర్థాలున్నాయి. పెద్దాఫీసరు ఊళ్ళో లేకపోతే "సారు క్యాంపులో ఉన్నారు" అంటారు. ఎంపీపీ ఎన్నికకి ముందు ఎంపీటీసీలను బస్సెక్కించి ఏ రిసార్టులోనో దాచిపెడితే అది క్యాంపు. కళ్ళ డాక్టర్లు బడి వరండాలో బల్లలు వేసుకుని కూర్చుంటే అదీ క్యాంపే. వరదొచ్చినప్పుడు జనాన్ని తీసుకెళ్ళి కల్యాణమండపంలో పెడతారు చూడండి, అది అన్నిటికంటే పెద్ద క్యాంపు. సరదా కోసం ఇల్లు వదిలి, గుడారం వేసుకుని, నేలమీద పడుకోవడాన్ని కూడా క్యాంపింగ్ అంటారని నేను మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మ నన్ను కాసేపు తేరిపార చూసి, "ఇరవై ఏళ్ళు లోను కట్టి ఫ్లాటు కొనుక్కుంది నేలమీద పడుకోడానికట్రా?" అంది.

ఆ మాట అన్నాక కూడా ఆవిడ వచ్చింది. అది 2019 అక్టోబరు. నేను ఉత్తర వర్జీనియాలో ఒక క్లయింటు దగ్గర ఆన్‌సైట్‌లో ఉన్నాను. అమ్మా నాన్నా విజిటర్ వీసా మీద వచ్చి, మూడు నెలలుగా కిటికీలోంచి పార్కింగ్ లాటు చూస్తూ ఉన్నారు. లాంగ్ వీకెండ్ దొరికితే మూడు తెలుగు కుటుంబాలం కలిసి వర్జీనియా బీచ్ దగ్గరున్న ఫస్ట్ లాండింగ్ స్టేట్ పార్కులో రెండు రాత్రులకి మూడు సైట్లు బుక్ చేసుకున్నాం.

స్టేట్ పార్కు క్యాంపుగ్రౌండు చూడనివాళ్ళ కోసం చెప్తాను. అందులో అద్భుతమేమీ లేదు. చెట్ల మధ్య ఒక మట్టి రోడ్డు. రోడ్డుకి అటూ ఇటూ నంబరు వేసిన కర్ర గుంజలు. ఒక్కో గుంజ దగ్గర కారు పట్టేంత చోటు, గుడారం వేసుకునేంత చోటు, ఒక చెక్క బల్ల, మంట వేసుకోవడానికి ఇనుప చట్రం. నాలుగడుగులేస్తే మంచినీళ్ళ కుళాయి. ఇంకాస్త నడిస్తే వేడినీళ్ళొచ్చే స్నానాలగది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా గోల చెయ్యకూడదు. అంతే. ఇసుక దిబ్బల వెనకాల చీసాపీక్ అఖాతం, ఇటు లోపలికి నడిస్తే నల్లటి నీళ్ళలో నిలబడిన సైప్రస్ చెట్లు, వాటికి జడల్లా వేలాడే బూడిదరంగు నాచు. మా ఎడమపక్క సైటులో ఒక ముసలి తెల్ల దంపతులు, ఎదురుగా ఏడెనిమిది మంది స్పానిష్ మాట్లాడే కుటుంబం. రాత్రి పదింటికి మావాళ్ళు పులిహోర పోపు పెడుతుంటే ఆవాల చిటపట ఆ నిశ్శబ్దంలో ఎంత దూరం వినిపించిందో గానీ, ఎవరూ ఏమీ అనలేదు.

నాన్న మాత్రం స్థిమితంగా కూర్చోలేకపోయాడు. ఆయన ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతులు వెనక్కి కట్టుకుని క్యాంపుగ్రౌండంతా ఒక రౌండు కొట్టొచ్చి అడిగాడు.

"ఈ తోట ఎవరిది?"

"గవర్నమెంటుది నాన్నా."

"గవర్నమెంటుదైతే మరి మనల్నెందుకు రానిచ్చారు?"

మేం నవ్వాం. కానీ ఆయన జోకు వెయ్యలేదు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయనకు తెలిసిన ప్రభుత్వ భూమికి గుర్తు ఒక రేకు బోర్డు: ఇది ప్రభుత్వ భూమి, ఆక్రమించువారు శిక్షార్హులు. అలాంటి బోర్డులు కాలవగట్ల మీద స్వయంగా పాతించిన మనిషి. ప్రభుత్వ భూమిలో నీ పేరుమీద రెండు రాత్రులకి ఒక నంబరు రాసిచ్చి, కట్టెలమ్మి, మంటేసుకోమనడం ఆయన లెక్కలో ఎక్కడా పట్టలేదు.

ఆ పార్కు గురించి నేను వివరంగా చదివింది ఇండియా తిరిగొచ్చాక. వర్జీనియా రాష్ట్రం 1936 జూన్ 15న ఒకేరోజు ఆరు స్టేట్ పార్కులు తెరిచింది. అందులో ఇదొకటి, అప్పటి పేరు సీషోర్ స్టేట్ పార్కు. మహామాంద్యం రోజుల్లో నిరుద్యోగ యువకులకి పనిచ్చిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ దీన్ని కట్టింది. ఇక్కడ పనిచేసిన దళాల్లో నల్లజాతి యువకుల దళం ఉంది. బాటలు వేసి, బురద తోడి, పార్కు తయారుచేసిన ఆ కుర్రాళ్ళు పార్కు తెరిచాక అందులోకి సందర్శకులుగా రావడానికి వీల్లేదు. అదే రాష్ట్రంలో ఇంకో పార్కులోకి రానివ్వలేదని ఒక నల్లజాతీయుడు 1948లో కేసు వేస్తే, ఆ పార్కు తలుపులు తియ్యకుండా 1950లో నల్లవాళ్ళకి విడిగా ప్రిన్స్ ఎడ్వర్డ్ పార్కు పెట్టారు. సీషోర్ మీద కూడా కేసు పడింది. కోర్టులో పరిస్థితి ఎదురుతిరిగేసరికి 1955లో రాష్ట్రం ఏం చేసిందంటే, ఏకంగా పార్కే మూసేసింది. వాళ్ళతో పంచుకోవడం కంటే తమకీ లేకుండా పోవడమే నయమనుకున్నారు. మేం పోపు పెట్టుకున్న ఆ చెట్టుకింద ఇంత కథ ఉంది. నంబరు గుంజ ముందు అందరూ సమానం అన్నది ఆ దేశంలో ఊరికే వచ్చింది కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ పక్కపక్క సైట్లలో ఉన్న మా మూడు తెలుగు కుటుంబాలదీ ఒకటే కులం. ఎవరూ ఏరికోరి కలపలేదు. ఆన్‌సైట్‌కి వెళ్ళిన కొత్తలో ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు, అందులోవాళ్ళే సామాను మోయడానికొస్తారు, వాళ్ళతోనే పుట్టినరోజులూ, వాళ్ళతోనే క్యాంపింగూ. ఏ కులమో ఇక్కడ రాయను. రాస్తే సగం మంది మిగిలిన వ్యాసాన్ని చదవడం మానేసి లెక్కగట్టడం మొదలుపెడతారు. తోటలున్న కులం అనుకోండి, చాలు.

తోట దగ్గరే అసలు సంగతంతా ఉంది. కృష్ణా డెల్టాలో అడవి లేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. ఆ నూరేళ్ళలో నీరు పారగలిగిన ప్రతి అంగుళమూ మడి అయింది, మడి కానిది తర్వాత చేపల చెరువయింది. అడవి కావాలంటే ఎగువన కొండపల్లి కొండల మీదికి పోవాలి, లేదంటే చివరికి సముద్రం దగ్గర మడ అడవుల్లోకి. మధ్యలో ఉన్నదంతా పొలం, ఊరు, కాలవగట్టు. డెల్టా గురించి మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే పచ్చదనమంతా ఎవరో ఒకరి పట్టాదారు పాసుపుస్తకంలో ఉంటుంది.

అలాంటి చోట వనభోజనాలు ఎక్కడ చేసుకుంటాం? కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద తినాలని పెద్దలు చెప్పారు. మన భాషలో వనం అంటే అడవీ అవుతుంది, తోటా అవుతుంది. అడవి ఎవరిదీ కాదు. తోటకి మాత్రం గేటుంటుంది. నున్న, ఆగిరిపల్లి, నూజివీడు వైపు మామిడితోటల్లో చేసుకోవాలి. తోట అంటే ఎవరిదో ఒకరిది. ఎవరి తోటో వాళ్ళు పిలిచినవాళ్ళే వస్తారు. కార్తీకం ఆదివారాల్లో ఏలూరు రోడ్డునో నూజివీడు రోడ్డునో వెళ్ళినవాళ్ళకి తెలుసు, దారి పొడవునా ఫ్లెక్సీలే. ఫలానా సంఘం కార్తీక వనసమారాధన, కులబాంధవులందరూ కుటుంబ సమేతంగా రావలెను. లోపల ఒక స్టేజీ, పదో తరగతిలో మార్కులొచ్చిన పిల్లలకి షీల్డులు, పెళ్ళిసంబంధాల బల్ల, ఏ పార్టీలో ఉన్నా సరే మనవాడే అయిన ఎమ్మెల్యే. పెద్ద పందిరి కింద బఫే. ఉసిరిచెట్టు లేకపోతే కుండీలో కొమ్మ పెడతారు.

నేను చిన్నప్పటి నుంచీ వెళ్ళినవాణ్ణే. అక్కడి పనసపొట్టు కూర మీద నాకే కోపమూ లేదు. ఒకసారి ఒక తెలుగు మాస్టారు స్టేజీ ఎక్కి పోతన భాగవతంలో చల్దులు తినే ఘట్టం రాగయుక్తంగా పాడారు. తెలుగులో ఇంతకంటే పేరున్న వనభోజనం లేదు కదా. యమున ఒడ్డున గొల్లపిల్లలు కృష్ణుడి చుట్టూ గుండ్రంగా కూర్చుని ఒకళ్ళ చేతుల్లోది ఒకళ్ళు లాక్కుని తింటారు. అక్కడ వరసల్లేవు, ఎంగిలి పట్టింపు లేదు. అదే సమయంలో కృష్ణుడి మహిమ చూద్దామని బ్రహ్మ దూడల్నీ పిల్లల్నీ మాయం చేస్తాడు. మాస్టారు చాలా బాగా పాడారు. పందిట్లో అందరం చప్పట్లు కొట్టాం. గేటు దగ్గర వాలంటీరు మాత్రం కొత్తగా వచ్చేవాళ్ళని ఇంటిపేరు అడిగి రాసుకుంటూనే ఉన్నాడు.

2024 కార్తీకంలో మా అమ్మాయికి ఏడేళ్ళు. వర్జీనియా నుంచి సామాన్లలో తెచ్చుకున్న గుడారం అటకమీద ఉందని దానికి తెలుసు. ఆ ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. అక్కడి నుంచి ఒక కుటుంబం అక్టోబరులో మా కింది ఫ్లోరులోకి అద్దెకొచ్చింది. ఆయన సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు, వాళ్ళ పాపకీ ఏడేళ్ళే. వారం తిరక్కుండా ఇద్దరూ ఒకళ్ళింట్లో ఒకళ్ళు ఉండటం మొదలైంది. మా అమ్మాయి ఒకరోజు తన పాత క్యాంపింగు ఫోటోలు చూపిస్తుంటే కింది పాప అంది: "మేం కూడా చేశాంగా! నాలుగు రాత్రులు, టెర్రస్ మీద. డ్రోన్ వచ్చి అన్నం ప్యాకెట్లు వేసింది." మా అమ్మాయికి అసూయతో మాట రాలేదు.

ఆదివారం సంఘం వనభోజనాలు. మా అమ్మాయి తాతయ్య దగ్గరకెళ్ళి కింది పాప కూడా మనతో రావొచ్చా అని అడిగింది. నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, "అది మనవాళ్ళదమ్మా" అన్నాడు. "ఆ పాప మనపిల్లే కదా తాతయ్యా?" నాన్న పేపరు మడిచాడు. చెడ్డమనిషి కాదాయన. ఆ పాపకి సైకిలు నేర్పింది ఆయనే. "తోట మనది కాదు తల్లీ, వాళ్ళు పిలిచినవాళ్ళే వెళ్ళాలి" అని ఇంకో కారణం చెప్పాడు. అదీ నిజమే. ఈ పద్ధతిలో ఉన్న సుఖమే అది, అడ్డు చెప్పేవాళ్ళెప్పుడూ ఆ గదిలో ఉండరు. మా ఆవిడ వంటింట్లోంచి, "అయితే ఎవరిదీ కాని చోటికెళ్దాం" అంది.

ఎవరిదీ కాని చోటు ఏదని ఇంట్లో రెండు రోజులు చర్చ. మంగినపూడి పేరు చివరికి నాన్నే ఎత్తాడు. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చెయ్యాలని ఆయనకెటూ ఉంది. "సముద్రానికి పిలుపులేముంటాయి, ఎవరైనా రావొచ్చు" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండానే.

నవంబరు 14 సాయంత్రం బందరు రోడ్డు పట్టుకుని, కంకిపాడు, పామర్రు, గూడూరు దాటి, చిలకలపూడి పాండురంగడి గుడి దగ్గర జనంలో గంటసేపు ఇరుక్కుని, చీకటి పడ్డాక చేరాం. మా కారు వెనకాల వాళ్ళ స్కూటరు. మంగినపూడి ఇసుక పోస్టుకార్డు ఇసుక కాదు, నల్లటి ఒండ్రు. పాదం పెడితే చల్లగా దిగబడుతుంది. ఆ ఒండ్రు మీద, గుంజలకి కట్టిన బల్బుల వెలుగులో నేను చూసింది అచ్చంగా ఒక క్యాంపుగ్రౌండు. ట్రాక్టర్లు, ట్రక్కులు. ట్రక్కుల కింద గడ్డి పరిచి, బరకాలు కట్టి, చంటిపిల్లల్ని పడుకోబెట్టుకున్నారు. చిన్న గ్యాసుపొయ్యిల మీద టీలు. ఎక్కడో మైకులో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెప్తున్నారు. నంబరు గుంజల్లేవు గానీ ట్రక్కుకీ ట్రక్కుకీ మధ్య దారి వదలాలని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. స్టేట్ పార్కు అన్న మాటే వినని ఊళ్ళవాళ్ళు ఏడాదికొక రాత్రి దాన్ని కట్టుకుని, తెల్లారి విప్పుకుపోతున్నారు.

ఇక్కడ మా ఆవిడ మాట కూడా రాయకపోతే ఇంట్లో ఒప్పుకోదు. "సమానత్వం సంగతి తర్వాత, బాత్రూమెక్కడ?" అని అడిగింది దిగగానే. తాత్కాలికంగా పెట్టినవి ఉన్నాయి, చాలా దూరంలో, పెద్ద లైనుతో. తనూ, కింది ఫ్లోరు ఆమే, సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేశారని నాకు అర్ధరాత్రి దాకా తెలియలేదు. ఆడవాళ్ళెవరూ సరిగ్గా నిద్రపోలేదు. కూర్చునే ఉన్నారు. వర్జీనియాలో అమ్మకి అన్నిటికంటే నచ్చింది ఆ వేడినీళ్ళ స్నానాలగదే. అప్పుడు నేను దాన్ని చిన్న విషయమనుకున్నాను. నలుగురూ వచ్చే చోటు అని మనం అనేది సగం ఆ కుళాయీ, ఆ గడియా ఉన్న తలుపే.

నాన్న కార్తీకమంతా నక్తం ఉంటాడు. పగలు పాలూ పళ్ళూ, చుక్కలు కనిపించాక భోజనం. కింది ఫ్లోరు ఆమెకి అది తెలుసు. మా అమ్మ తెచ్చిన పెరుగన్నం గిన్నె కారు డిక్కీలో అడుగున ఎక్కడో ఉంది. ఆమె సంచి తీసి, "అంకుల్, ఉల్లిపాయ వెయ్యలేదు" అంటూ చపాతీలు, బంగాళాదుంప కూర ఇచ్చింది. నాన్న రెండు తిన్నాడు. మూడోది అడిగాడు. అమ్మ ఒకసారి ఆయన వైపు చూసి, డిక్కీలో వెతకడం ఆపేసింది. దాని గురించి ఆ రాత్రీ, తర్వాతా, మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

తిన్నాక ఆయన, అడక్కుండానే, ఉప్పెన సంగతి ఎత్తాడు. 1977 నవంబరు 19. అదీ కార్తీకమే. నాన్నకి పద్నాలుగేళ్ళు, ఊరు నాగాయలంక వైపు. వేల మంది పోయారు దివిసీమలో. ఆ కథ మేం చాలాసార్లు విన్నాం. తాడిచెట్టు, చీకటి, పొద్దున్నే కనపడ్డ గేదెలు. ఈసారి చెప్పింది మాత్రం నేనెప్పుడూ వినలేదు. "డేరాలేశారు. నాలుగు రోజులు ఎవరూ ఎవర్నీ అడగలా. ఎవరి పక్కన చోటుంటే అక్కడే పడుకున్నాం, ఎవరు పెడితే అది తిన్నాం. ఐదోరోజు దుప్పట్లొచ్చాయి. పంచడానికి పేర్లు రాసుకున్నారు. పేర్లు రాసుకున్నాక డేరాలు వేరైనయ్." కింది పాప అడిగింది, "మరి డ్రోన్ రాలేదా తాతగారూ?" "అప్పుడు లేవమ్మా" అన్నాడు.

మా గుడారం చూడటానికి పక్క ట్రక్కువాళ్ళు వచ్చారు. ఒక పెద్దావిడ గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, ఎంత పడిందని అడిగి, చాలా ఎక్కువని తేల్చింది. తర్వాత ఏ ఊరు అంది. విజయవాడ అన్నాం. విజయవాడలో ఎక్కడంది. ఇంటిపేరేంటంది. నాన్న చెప్పాడు. ఆవిడ తృప్తిగా తలూపి, కింది ఫ్లోరు ఆమె వైపు తిరిగింది. "మీదమ్మా?"

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉంది. "మేమూ వాళ్ళ అపార్ట్‌మెంటేనండి" అంది. పెద్దావిడ అడిగింది అది కాదు. ఇంకా చూస్తూనే ఉంది.

"మనవాళ్ళేనమ్మా," అన్నాడు నాన్న.

పెద్దావిడ వెళ్ళిపోయింది. నాకు ఆ క్షణంలో నాన్న మీద చాలా ప్రేమ కలిగింది. అర్ధరాత్రి దాటాక మా ఆవిడ అంది, "బాగానే ఉంది గానీ, ఆమెని అడిగారా?" అప్పుడు ఆలోచించాను. నాన్న ఆమెని ఆ ప్రశ్న నుంచి తప్పించాడా, లేక తనెవరి పక్కన కూర్చుని తిన్నాడో ఎవరికీ తెలియకుండా సర్దుకున్నాడా? ఆయనకైనా తెలుసో లేదో. ఆమె మాత్రం ఆ తర్వాత చాలాసేపు సముద్రం వైపే తిరిగి కూర్చుంది. తన ఇంటిపేరు తను చెప్పుకోగలిగిన మనిషి. చెప్పకూడదని తనే అనుకుందో, చెప్పే వీల్లేకుండా మేం చేశామో. తెల్లారేలోపు అడుగుదామనుకుని, ఏమని అడగాలో తెలియక ఊరుకున్నాను.

నాలుగున్నరకి జనం లేచారు. అరటిదొప్పల్లో దీపాలు. అలలు వాటిని రెండడుగులు కూడా పోనివ్వవు, మళ్ళీ ఒడ్డుకే తోస్తాయి, మళ్ళీ వదుల్తారు. నాన్న ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని మోకాళ్ళ లోతు దాకా దిగాడు. కింది పాప వాళ్ళమ్మ ఒడ్డునే నిలబడి ఫోన్లో వీడియో తీసింది.

గుడారం ఇప్పుడు కింది ఫ్లోరు హాల్లో ఉంది. ఆ ఒండ్రు ఎంత కడిగినా పోలేదని ఆమె తనే మేడ మీద ఆరేసి, తర్వాత పిల్లలు ఆడుకోవడానికి లోపల వేసింది. డిసెంబరులో దానిమీద ఒక కాగితం నక్షత్రం వేలాడింది. నిన్న సంఘం గ్రూపులో వచ్చే కార్తీకానికి తోట మాట్లాడామని మెసేజి వచ్చింది, ఈసారి ఏసీ హాలు కూడా ఉందట. నాన్న దానికి బొటనవేలి గుర్తు పెట్టాడు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, మంగినపూడికి రోడ్డు బాగుచేశారేమో కనుక్కోమని నాకు చెప్పాడు.